మూడో మనిషి బరువు

జూన్ 3, మంగళవారం

కొత్తలంక పంచాయతీ ప్రెసిడెంటు హన్విక గారికి మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. పోయిన సభలో మెట్టెక్కలేక కమ్మీ పట్టుకుని నిలబడ్డారు, నేను చూశాను. మా వార్డు మెంబరు జ్ఞానేశ్వర్ గారు, వారి అమ్మగారు క్షేమమా? అమ్మగారికి ఆ పొడిదగ్గు ఇంకా ఉంటే మిరియాల కషాయం మానవద్దని చెప్పండి. నీళ్ళ పడవ రిత్విక్‌కి నడుం పట్టేసిందని విన్నాను, ఇప్పుడెలా ఉంది? పంచాయతీ గోడలో గుమస్తా కూడా బాగున్నాడనే తలుస్తాను. మొన్నటి వానకి అతని గొంతు బొంగురుపోయి ఎవరి పేరు పిలిచాడో తెలియక ముగ్గురం ఒకేసారి లేచాం. యంత్రానికి జలుబు చేయదంటారు గాని, ఉప్పుగాలి దేన్ని వదిలింది?

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నామని రాయడం నాకు అలవాటు. ఈ కాయితంలో అలా రాయకూడదట. బాగున్నామని రాస్తే ఏమీ ఇవ్వరట.

జ్ఞానేశ్వర్ గారు చెప్పారు: "పెద్దమ్మా, నీకు ఊరట వారం కావాలంటే ఇంట్లో ఏం చేత్తన్నావో తారీఖులేసి రాసిపెట్టు. గుమస్తా చదువుతాడు. ఉత్తరంలాగా మాత్రం రాయమాక." నాకు వచ్చింది ఉత్తరమొక్కటే. నాలుగో తరగతిలో ఉండగా మా బడి నీళ్ళలోకి వెళ్ళిపోయింది. తప్పులుంటే మన్నించండి.

ఊరట వారమంటే నేను అడుక్కుంటున్నది కాదు. మంచాన పడ్డ మనిషిని చూసుకునేవాళ్ళకు ఏడాదికొక వారం పంచాయతీయే వేరే మనిషిని పంపాలి. మీ బోర్డు మీదే రాసుంది. ఉప్పుకి రంగు సగం రాలిపోయింది గాని 'పంచాయతీ బాధ్యత' అన్న ముక్క ఇంకా కనబడుతోంది.

నా పేరు నడకుదుటి జాహ్నవమ్మ. మంచాన ఉన్నది మా ఆయన అక్క, మా వదిన హాసినమ్మ. కుడి పక్క పడిపోయింది. నోరు మాత్రం రెండు పక్కలా బాగా పనిచేస్తుంది. పేరు హాసిని గాని ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు ఈ కొత్తలంకలో లేరు.

పొద్దున్నే లేచి ముందు మా ఇల్లున్న తెప్ప తాళ్ళు చూస్తాను. నాలుగు మూలలా నాలుగు తాళ్ళు. తెగవని రిత్విక్ నవ్వుతాడు. తెగినప్పుడు నవ్వమనండి. తర్వాత వదినను ఇటు తిప్పి, వీపు తుడిచి, పుండు పడిందేమో చూసి, అటు తిప్పుతాను. జావ తాగిస్తాను. తెప్ప అంచున నీళ్ళ అరుగు మీదికి లాక్కెళ్ళి స్నానం చేయిస్తాను. బట్టలు ఉతుకుతాను. చేప తోమి పులుసు పెడితే "ఇది పులుసా, కాలవ నీళ్ళా?" అంటుంది. మళ్ళీ తిప్పుతాను. రాత్రి కూడా తిప్పాలి. మధ్యలో ఇల్లు ఊగుతూనే ఉంటుంది.

కారణం రాయమన్నారు. నాకు ఆపరేషను లేదు, ఇంట్లో పెళ్ళి లేదు, చావు లేదు. నాకు నిద్ర కావాలి. నల్లజర్ల మెట్ట మీద మా చెల్లి మోక్షిత ఉంది. దాని ఇంటి కింద నేల ఉంది. కదలని నేల. దాని మీద ఒక వారం పడుకోవాలి. ఈ కారణానికి మీ దగ్గర గడి లేకపోతే పక్కన ఖాళీలో రాసుకోండి.

జూన్ 6, శుక్రవారం

పంచాయతీకి వెళ్ళాను. వదిన ఒక్కతే ఉంటుందని గుండె పీచుపీచుమంటూనే ఉంది. తలుపు బయట గడియ పెట్టాను. నిప్పంటుకుంటే ఎలాగని సగం దారిలో పడవ తిప్పించి గడియ తీసి మళ్ళీ వెళ్ళాను.

గోడలో గుమస్తా నా పేరు సరిగ్గానే పిలిచాడు. గొంతు బాగుపడింది.

"నడకుదుటి జాహ్నవమ్మ గారు. మీ ఊరట వారం అభ్యర్థన తిరస్కరించడమైనది. మీ ఇంట్లో ముగ్గురు నివసిస్తున్నారు. మూడవ వ్యక్తి సంరక్షణ చేయగలరు."

"మూడో మనిషెవరు నాయనా?" అన్నాను.

"మీకే తెలియాలి" అన్నాడు.

ఆ గదిలో ఉన్నవాళ్ళందరూ నా వంక చూశారు. డెబ్భై దాటిన దాన్ని, సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆయన పోయి ఆరేళ్ళయింది, మీ దగ్గరే రాయించాను" అన్నాను.

"మరణం నమోదై ఉంది. బరువు కూడా నమోదై ఉంది. రెంటిలో బరువే చెల్లుతుంది."

మీకు తెలిసిందే అయినా రాస్తున్నాను. పంచాయతీ తెప్పతో సహా ప్రతి తెప్ప అడుగునా ఒక తూకం కన్ను బిగించారు. బరువుకి ఇల్లు ఎంత కిందికి దిగిందో అది ఎప్పటికప్పుడు గుమస్తాకి చెబుతుంది. వెనకటికి రెండు ఇళ్ళవాళ్ళు చెప్పాపెట్టకుండా చుట్టాలను చేర్చుకుని నీళ్ళపాలయ్యాక ఈ పద్ధతి పెట్టారు. 'నోరు అబద్ధమాడుతుంది, తెప్ప ఆడదు' అని పిల్లలకు కూడా నేర్పుతున్నారు. అందుకే మనిషి పుడితే తెప్ప కింద ఒక పీపా కడతారు, పోతే విప్పుకుపోతారు. మా ఆయన పీపా విప్పుకుపోవడానికి మాత్రం ఎవరూ రాలేదు. మరిచిపోయారనుకున్నాను. పీపా ఉంటే ఇల్లు కాస్త పైకుంటుంది కదా అని నేనూ గుర్తుచేయలేదు.

ఇంటికొచ్చి చెబితే వదిన తెగ దెప్పింది.

"ఎవడే వాడు? నన్ను మంచాన పడేసి మూలగదిలో ఎవణ్ణి దాచావే?"

"మనకి మూలగది ఎక్కడుంది వదినా, ఉన్నదే ఒక గది!"

"అదే నేనూ అడుగుతన్నా. మంచం కింద చూడు. మా తమ్ముడు నన్ను చూసి భయపడి దాక్కునే రకమే, బతికున్నప్పుడూ అంతే."

చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, నేను మంచం కింద చూశాను. నీళ్ళ టిన్నులు తప్ప ఏమీ లేవు.

జూన్ 10, మంగళవారం

జ్ఞానేశ్వర్ గారు స్వయంగా ఇల్లు చూడడానికి వచ్చారు. మర్యాద గల మనిషి, చెప్పులు పడవలోనే వదిలారు. గది చూశారు, వంటమూల చూశారు, పరుపు ఎత్తి చూశారు. మా ఇంట్లో కుర్చీ లేదు. గోడ పొడుగునా పేర్చిన నీళ్ళ టిన్నుల మీద పాత చీర పరిచి ఉంటే దాని మీద కూర్చుని టీ తాగారు.

"ఎవరూ లేరు పెద్దమ్మా" అన్నారు.

"ఆ మాట గుమస్తాకి చెప్పండి బాబూ."

"నేను చెబితే వింటాడా? మేం మెంబర్లం మాటలు చెప్పేవాళ్ళం. ఆడు తూకం చూసేవాడు."

మా వదిన గోడవైపు తిరిగి పడుకుని, "అయితే ఓట్లు కూడా ఆడికే వేత్తాం లెండి ఈసారి" అంది.

ఆయన నవ్వారు. మెంబరుకి కోపమొస్తే నీళ్ళ పడవ కూడా ఆగిపోతుందేమోనని ఇంకో గ్లాసు టీ పోశాను. ఆయన మంచివారు, అలా చేయరు. అయినా భయం భయమే.

వెళుతూ వెళుతూ, "ఒక పని చేత్తాను. పంచాయతీలో తోడు యంత్రం ఉంది. ఒక పూట పంపుతాను. అది హాసినమ్మ గారిని చూసుకుంటది, నువ్వు కాస్త కన్ను మూసుకో" అన్నారు.

ఒక వారం అడిగితే ఒక పూట. సరే, చేతికొచ్చిందే చాలనుకున్నాను.

జూన్ 12, గురువారం

తోడు యంత్రం వచ్చింది. అది ఒక పక్క కాలు పెట్టగానే ఇల్లు ఆ పక్కకి ఒరిగింది. అరుగు మీదికి నీళ్ళొచ్చాయి. నా పులుసు గిన్నె జారి జారి వెళ్ళి గోడకి కొట్టుకుంది. నేను ఎదుటి మూలకి పరిగెత్తి నిలబడ్డాను, నా బక్క ప్రాణంతో తూకం సరిచేద్దామని. అది ఇటు కదిలితే నేను అటు, అది అటు కదిలితే నేను ఇటు. పూటంతా దాంతో చెమ్మచెక్క ఆడినట్టే అయింది. కన్ను మూసింది లేదు.

అది వదిన మంచం దగ్గరికి వెళ్ళి తీయగా అడిగింది: "అమ్మా, మీ మనసు ఎలా ఉంది?"

"మనసు సంగతి తర్వాత. నా దుప్పటి తడిసింది, అది చూడు" అంది వదిన.

"మీ బాధ నాకు అర్థమైంది."

"అర్థమైతే మార్చు!"

దుప్పటి మార్చాలంటే అది వంగాలి. వంగితే తెప్ప తిరగబడే ప్రమాదం ఉందని దానికి తెలుసట. అందుకని వంగలేదు. సాయంత్రం దాకా బాధ అర్థం చేసుకుంటూ నిలబడింది. వచ్చి తీసుకుపోయాక దుప్పటి నేనే మార్చాను.

జూన్ 13, శుక్రవారం

గుమస్తా దగ్గర్నుంచి కబురొచ్చింది. నిన్న మా ఇంటి బరువు బట్టి మా ఇంట్లో అయిదుగురున్నారట. సాయం సమృద్ధిగా ఉన్నందున మళ్ళీ ఆరు నెలల దాకా అభ్యర్థన పెట్టవద్దట.

ఇద్దరం ముసలి ఆడవాళ్ళం. మా వార్డులో మాదే ఇప్పుడు పెద్ద సంసారం.

వదిన ఇవాళ మధ్యాహ్నం అన్నం తింటూ, "ఇంతమందిమి ఉన్నాం, ఒక్కరూ వడియాలు వేయించరేంటే?" అంది. నేను నవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది. నేను చేసేదంతా చక్కగా చేస్తున్నాను కనుకే ఎవరికీ కనబడడం లేదు. వదిన వీపు మీద ఒక్క పుండు పడితే పరిగెత్తుకొస్తారు. పడనివ్వకపోతే మాత్రం ఇంట్లో అయిదుగురు ఉన్నారంటారు.

ఈ ముక్క కొట్టేద్దామనుకున్నాను. కోపంగా రాశానని ఏమంటారో. ఉండనీ.

జూన్ 17, మంగళవారం

ఇది రాయాలా వద్దా అని పొద్దుటినుంచీ ఆలోచిస్తున్నాను. రాస్తే నన్ను చేతకాని దానివని వదినను ఒడ్డున ఉన్న ఆశ్రమానికి పంపేస్తారేమో. అక్కడ ఆవిడ నోటికి రెండు రోజులు కూడా ఉంచరు. కాని రాయకపోతే ఇక ఎందుకీ కాయితం?

నీళ్ళ అరుగు మీద వదినకు స్నానం చేయిస్తున్నాను. వీపు రుద్దుతూ ఉన్నాను. అంతవరకే గుర్తుంది. కూర్చున్నచోటే, చేతిలో పీచు చేతిలోనే ఉండగా నిద్రపోయాను. ఎంతసేపో తెలియదు. ఒక రెప్పపాటే అయుంటుంది. కళ్ళు తెరిచేసరికి వదిన అరుగు వాలుకి జారిపోతోంది. కాళ్ళు నీళ్ళలోకి వెళ్ళిపోయాయి. ఎడమ చేత్తో అరుగు చెక్క పట్టుకుని ఉంది. నేను జుట్టు పట్టుకున్నాను. ముడి ఊడి చేతికొచ్చింది. మళ్ళీ చంకలో చెయ్యేసి, నేను వెల్లకిలా పడి, నా బరువుతో లాగాను. ఇద్దరం అరుగు మీద చేపల్లా పడున్నాం.

ఆవిడ అరవలేదు. అదీ నా భయం. అంత నోరున్న మనిషి జారిపోతూ కూడా నన్ను పిలవలేదు.

"ఎందుకు పిలవలేదు వదినా?"

"నిద్దరపోతన్నావు గదే" అంది.

మధ్యాహ్నం పులుసులో ఉప్పు వేయడం మరిచిపోయాను. తినేసింది. ఒక్క మాట అనలేదు.

జూన్ 19, గురువారం

రెండు రోజులుగా వదిన నన్ను ఏమీ అనడం లేదు. ఇల్లు బోసిపోయింది. ఆవిడను పోనిచ్చేదాన్ని కదా అనే తలుచుకుంటున్నాను. ఇప్పుడు స్నానం చేయించేటప్పుడు మా ఇద్దరి నడుములకీ కలిపి తాడు కడుతున్నాను. జారితే ఇద్దరం కలిసే జారతాం.

నీళ్ళ పడవ నిన్న రాలేదు, ఇవాళా రాలేదు. సాయంత్రం వాన తగిలితే చూరు కింద పెట్టి ఇంకో టిన్ను నింపాను. ఈడ్చుకుంటూ తెచ్చి గోడవార పెడుతుంటే వదిన చూస్తూ పడుకుంది.

"ఇంకోటా?" అంది. రెండ్రోజులకి ఆవిడ గొంతు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

"రేపు కూడా పడవ రాకపోతేనో?"

"ఎల్లుండి కూడా రాకపోతేనో? ఆవలెల్లుండి సముద్రమే ఎండిపోతేనో? ఈ ఇంట్లో మూడో మనిషి ఎవరని ఊరంతా ఎతుకుతన్నారు గదే. నీ బెంగేనే ఆ మనిషి. మంచం కింద అదే, గోడకి అదే. మొన్న మెంబరు కూడా దాని నెత్తిమీదే కూచుని టీ తాగి పోయాడు."

దెప్పుతోందని సంతోషించి ఊరుకున్నాను. పొయ్యి దగ్గరికి వెళ్ళాను. పొయ్యి వెలిగించాను. అప్పుడు తట్టింది.

వెనక్కి తిరిగి ఇల్లు చూశాను. గోడవార టిన్నులు. మంచం కింద టిన్నులు. బియ్యం డబ్బా వెనకాల, తలుపు సందున, దేవుడి పటం కింద కూడా. నాకు అవి సామానులా కనబడవు. నాకు అవి గోడల్లాంటివి.

ఇవి ఎప్పుడు మొదలయ్యాయో నాకు తెలుసు. ఆయన ఉన్నన్నాళ్ళూ నీళ్ళు ఆయనే తెచ్చేవాడు. పడవ రాకపోతే ఈదుకుంటూ వెళ్ళయినా తెచ్చేవాడు. ఆయన పోయిన వారంలోనే నీళ్ళ పడవ మూడు రోజులు రాలేదు. వదినకు నాలుక పిడచకట్టుకుపోయింది. అప్పుడు మొదటి టిన్ను దాచాను. తర్వాత ఇంకోటి. అలా ఆయన బరువంతా నీళ్ళతో నింపేశాను. అందుకే ఇల్లు పైకి లేవలేదు. అందుకే ఆయన పీపా తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు.

జూన్ 21, శనివారం

పారబోస్తే సరిపోతుందని వదిన అంటోంది. పారబోయడం నోటితో తేలిక. ఒక టిన్ను మూత తీశాను. ఒక చెంబుడు మిరప మొక్కకి పోశాను. మళ్ళీ మూత పెట్టేశాను. మంచినీళ్ళు సముద్రంలో పోయడానికి నాకు చెయ్యి రాదు. నేను చిన్నప్పుడు ఒక్క గుక్క కోసం పెద్దవాళ్ళు కొట్టుకోవడం చూసినదాన్ని.

పైగా పడవ ఇవాళ కూడా రాలేదు. ఇప్పుడు చెప్పండి, నేను పారబోసి ఉంటే ఈ పూట వదిన ఏం తాగేది?

ఆలోచించిన కొద్దీ నాకు ఒళ్ళు మండుతోంది. నీళ్ళు పంపాల్సింది పంచాయతీ. పంపకపోతే నేను దాచుకున్నాను. దాచుకున్నానని ఊరట వారం లేదంది అదే పంచాయతీ. ఒక బాధ్యత ఎగ్గొట్టి, దాన్నే చూపించి రెండోది ఎగ్గొట్టడం ఏ ఊరి న్యాయం? నేను చదువుకోలేదు గాని ఇంతమాత్రం తెలుస్తుంది.

ఇది చదివి గుమస్తా ఏం రాసుకుంటాడో రాసుకోనీండి.

జూన్ 23, సోమవారం

పొద్దున్న రిత్విక్ వచ్చాడు, ఖాళీ పడవతో. ఒడ్డున గొట్టం పగిలిందట, నీళ్ళు రేపు వస్తాయట. ఆ మాట చెప్పడానికి వచ్చాడు.

"పడవ ఖాళీగానే ఉంది గదా. ఈ టిన్నులన్నీ ఎక్కించు" అన్నాను.

"ఎక్కడికి అత్తా?"

"పంచాయతీకి."

"నీళ్ళు తెచ్చే పడవలో నీళ్ళు ఎత్తుకుపోడం ఇదే మొదలు. నా నడుం సంగతి తెలిసే అడుగుతన్నావా?"

"తెలుసు. అందుకే నేనూ ఒక పక్క పట్టుకుంటాను."

నేను పారబోయలేను. అయితే ఎవరికి బాధ్యత ఉందో వాళ్ళ దగ్గర పెట్టగలను కదా. ఇది వదిన చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు, పొయ్యి ఊదుతుంటే నాకే తోచింది.

ఒక్కొక్కటే దింపుతున్నాం. గోడవారవి అయిపోయాయి. మంచం కింద ఆఖరి వరుస లాగుతుంటే నా కాళ్ళ కింద ఏదో తేడా చేసింది. ఇల్లు మెల్లగా, నిద్రలేచిన పసిబిడ్డ తల ఎత్తినట్టు, పైకి లేచింది. కిటికీలోంచి పక్క తెప్ప వాళ్ళ పొయ్యి కనబడింది. ఆరేళ్ళుగా నాకు వాళ్ళ గోడే కనబడేది.

వదిన ఎడమ చెయ్యి మంచం పట్టె మీద పెట్టి ఆ కదలిక అలాగే విన్నది.

"ఎల్లాడే" అంది. "మా తమ్ముడు ఇప్పుడెల్లాడే, జాహ్నవీ."

ఆయన పోయిననాడు కూడా ఆవిడ ఏడవగా నేను చూడలేదు, ఇప్పుడు చూశాను. నేను టిన్ను కింద పెట్టి వెళ్ళి పక్కన కూర్చున్నాను. రిత్విక్ పడవలోకి దిగి అటు తిరిగి నిలబడ్డాడు.

కాసేపటికి ఆవిడే ముక్కు చీదుకుని, "ఇంక లెగు. ఆ మిగతావి కూడా తగలెయ్యి. ఎవరో పోయినట్టు ఏడుస్తా కూచున్నావు" అంది.

ఒక్క టిన్ను మాత్రం ఉంచాను. అది కూడా తీసుకెళ్ళమనకండి.

పంచాయతీ అరుగు మీద, సరిగ్గా బోర్డు కింద, టిన్నులన్నీ పేర్చాం. ఆఖరిది పెట్టీ పెట్టగానే గోడలో గుమస్తా అందుకున్నాడు. ఊరంతా వినపడే గొంతు.

"హెచ్చరిక. పంచాయతీ భవనంలో అనుమతి లేని ఒక వ్యక్తి నివసిస్తున్నారు. భవన బాధ్యులు హన్విక గారు వెంటనే సంజాయిషీ ఇవ్వవలెను."

మళ్ళీ అన్నాడు. మళ్ళీ మళ్ళీ అన్నాడు. చుట్టుపక్కల తెప్పల మీద జనం పనులాపి నిలబడ్డారు. ఎవరో ఆడమనిషి, "ప్రెసిడెంటు గారూ, ఎవర్నండీ దాచారు?" అని కేకేసింది. నవ్వులు.

హన్విక గారు మోకాలు పట్టుకుని బయటికొచ్చారు. జైల్లో పెడతారేమో, పెడితే వదినను ఎవరు తిప్పుతారని ఒకటే ఆలోచన.

"ఏంటి పెద్దమ్మా ఇది? ఎవరా మనిషి?"

"మా ఆయనండి" అన్నాను. అలా అందామనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. "ఆరేళ్ళుగా మా ఇంట్లో ఉన్నాడన్నారు గదండి. మా వదినను చూసుకుంటాడన్నారు. తీసుకొచ్చి మీకే అప్పగిస్తున్నాను. మీరే చూసుకోమని చెప్పండి ఆయనకి."

ఆవిడ టిన్నుల వంక చూశారు. ఒకటి మూత తీసి చూశారు. జ్ఞానేశ్వర్ గారు కూడా వచ్చి చూసి, తను కూర్చున్నది గుర్తొచ్చిందేమో, తల గోక్కున్నారు.

"ఇన్ని నీళ్ళు ఎందుకు దాచావు?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"మీ పడవ రోజూ వస్తే ఎందుకు దాస్తానమ్మా? మీరు పంపనందుకు దాచాను, దాచినందుకు మీరు మనిషిని పంపలేదు. నేను మొన్న అరుగు మీద నిద్రపోయాను. మా వదిన నీళ్ళలోకి జారింది. ఇంకోసారి జారితే నేను పట్టుకుంటానో లేదో నాకు తెలీదు. నాకు వారం రోజులు నేల మీద నిద్ర కావాలి. బోర్డు మీద రాసింది మీరే, నేను కాదు."

ఇంత మాట నేను ఎవరితోనూ అనలేదు, పుట్టి బుద్ధెరిగాక.

ఆవిడ తీసిన మూత మళ్ళీ పెట్టేశారు. గుమస్తా మాత్రం సంజాయిషీ అడుగుతూనే ఉన్నాడు. చివరికి ఆవిడ గోడవైపు తిరిగి, "ఇక్కడెవరూ లేరు, నీళ్ళున్నాయి. రాసుకో!" అన్నారు.

"నోటిమాట చెల్లదు. తెప్ప అబద్ధమాడదు" అన్నాడు గుమస్తా.

జనం మళ్ళీ నవ్వారు. ఈసారి నవ్వు నా మీద కాదు. ప్రెసిడెంటు గారి మొహం చూసి నాకే జాలేసింది. ఆరేళ్ళూ మాకు చెప్పిన మాట ఆవిడ మొదటిసారి విన్నట్టుంది.

జూన్ 25, బుధవారం

గుమస్తా కబురు: "మీ ఇంట్లో ఇద్దరు నివసిస్తున్నారు. ఊరట వారం మంజూరైనది."

ఆరేళ్ళ తర్వాత మా ఆయన చచ్చిపోయినట్టు పంచాయతీ ఒప్పుకుంది. పొద్దున ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి ఆయన వంతు పీపా విప్పుకుపోయారు. పెరుగన్నం పెట్టి పంపాను.

ఇంకో మెలిక ఉంది. నేను వెళ్ళినప్పుడు నా బదులు వచ్చే మనిషి నా బరువే ఉండాలట, లేకపోతే ఇల్లు ఒరుగుతుందట. నాలాంటి బక్కదాన్ని వెతకాలట. "అందరూ తిని బలిసినోళ్ళే, నీ అంత బక్కది ఎక్కడ దొరుకుద్దే" అంది వదిన.

నీళ్ళ పడవ నిన్నా ఇవాళా వచ్చింది. గొట్టం బాగుచేశారు. పంచాయతీ అరుగు మీది టిన్నులు వార్డులో పసిపిల్లలున్న ఇళ్ళకి పంచారని రిత్విక్ చెప్పాడు. మంచిదే. రేపు రాకపోతే ఏం చేయాలో మాత్రం తెలియదు. రాత్రి ఆ ఒక్క టిన్ను మీద చెయ్యి వేసుకుని పడుకున్నాను.

జూలై 2, బుధవారం

మనిషి దొరికింది. సమన్విత అట, వంతెన అవతలి వార్డు. ఇవాళ వచ్చి తూకం చూపించుకుంది. వయసులో నాకన్నా చిన్నది, నాకన్నా మొండిగా ఉంది. తూకం కన్ను ఒప్పుకుంది. వదిన ఒప్పుకోవద్దూ?

"చేతులు సూడవే, పుల్లలు. ఇయ్యి నన్నెత్తుతాయా?"

సమన్విత మంచం దగ్గరికొచ్చింది. చంక కింద చెయ్యేసి, మోకాలు ఆన్చి, ఒక్క ఊపులో ఆవిడను తిప్పి పడుకోబెట్టింది. వదిన, "నీకంటే నయమే. నీ గోళ్ళు గుచ్చుకుంటాయి" అంది నాతో.

ఇన్నేళ్ళూ చేసింది నేను. అయినా ఇదే కదా నేను అడిగింది.

జావ ఎంత పల్చగా ఉండాలో చెప్పాను. తాడు ఎలా కట్టాలో చెప్పాను. ఆవిడ తిట్టకుండా ఉంటేనే భయపడాలి, తిడుతుంటే బాగున్నట్టు అని చెప్పాను. ఇంకా చెబుతుంటే వదిన కసిరింది.

"పోనీ ఎల్లవే, మహాతల్లీ. నేల మీద పడుకుని నిద్దరపో. బెంగ మాత్రం ఇక్కడ వదిలేసి ఎల్లమాక. మళ్ళీ ముగ్గురం అయిపోతాం."

చెల్లి మోక్షితకు ఇలా రాసి కబురు పంపాను: నీకు మోకాళ్ళు, మరిదికి చక్కెర ఎలా ఉన్నాయో వచ్చాక చూస్తాను. నా కోసం మంచం వేయవద్దు. చాప చాలు. నేను జూలై 9, బుధవారం, పొద్దుటి పడవకి వస్తున్నాను.